గాయ్‌తోండే కాన్వాసులో సముద్రాన్ని వెతకడం సబబేనా?

కుంచె:
భారతీయ చిత్రకారుడు వాసుదేవ్ గాయ్‌తోండే (1924–2001) చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవి జెన్ అనే బౌద్ధ సంప్రదాయపు ధ్యానంలోంచి పుట్టిన సముద్ర దృశ్యాలని తేల్చేసేవారే ఎక్కువగా కనిపిస్తున్నారు. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పంపిన ప్రశ్నలకు జవాబిస్తూ, ప్రకృతిని అర్థం చేసుకోవడానికి జెన్ తోడ్పడిందని, తన చిత్రాలు ప్రకృతి ప్రతిబింబాలేనని ఆయనే చెప్పిన మాట నిజం. అయితే తన చిత్రాలను నైరూప్యమనడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. వాటిని వస్తురహితమన్నారు, అంటే ఏ వస్తువునూ చూపనివని; చాలావాటికి పేరే పెట్టలేదు. అలాంటప్పుడు అడ్డంగా సాగిన రంగు పట్టీని చూడగానే అది బొంబాయి తీరంలోని దిగంతమని చెప్పేయడం తొందరపాటని నా అభిప్రాయం.

తీరరేఖ:
కుంచె గారూ, మీ మాటలో సగాన్నే ఒప్పుకోగలను. చిత్రకారుడే ప్రకృతి పేరెత్తాక ప్రేక్షకుడికి ఆ దారి మూసేయడం న్యాయం కాదు. బొంబాయిలో సముద్రానికి ఎదురుగా, కళాకారులకు స్టూడియోలిచ్చిన భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మనిషికి నీరూ ఆకాశమూ కలిసే చోటు రోజూ కంటబడలేదని ఎలా అనగలం? 1960ల నాటి కాన్వాసులు కొన్నింటిలో పలచని రంగు మీద ముద్దగా నిలిచిన పట్టీలు ఆ చూపు లేకుండా వచ్చాయంటే నేను నమ్మలేను.

కుంచె:
కంటబడటం వేరు, దాన్ని చిత్రించడం వేరు. ఆయన పనితీరునే చూడండి. రోలర్‌తో, పాలెట్ కత్తితో పొర మీద పొర పరచి, తిరిగి గీకి తీసేవారు. తర్వాతి కాలంలో చించిన కాగితపు ముక్కల సాయంతో రంగును కాన్వాసు మీదికి ఎక్కించేవారు. దూరం నుంచి ఒక్క రంగులా తోచే భాగానికి దగ్గరగా వెళ్తే, గీకిన చోట కింది పొర తొంగిచూస్తుంది, కాగితం అంచు వదిలిన ఆకారాలు ఏ లిపికీ చెందని అక్షరాల్లా నిలుస్తాయి. అవి ఏ వస్తువునూ పోలవు. ఏడాదికి కొద్ది చిత్రాలే పూర్తిచేసిన మనిషి అంత ఓపిక పట్టింది తీరాన్ని గుర్తుచేయడానికేనంటే నా మనసు ఒప్పదు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బోధలపై ఆయనకు గురి ఉండేది. పేరు పెట్టకుండా చూడమన్న ఆ బోధ ఈ చిత్రాలకు జెన్ కన్నా దూరమైనదేమీ కాదు.

నీలిపొర:
జెన్ అనే ముద్ర మీద నాకూ అభ్యంతరముంది. 2013లో ముంబయి క్రిస్టీస్ వేలంలో ఆయన 1979 నాటి చిత్రం 23.7 కోట్ల రూపాయలు పలికింది. ధర వార్తల్లో ధ్యానం, మౌనం అన్న మాటలే మారుమోగితే, ఆ మౌనం వెనకున్న చేతిపని మరుగున పడుతుంది.

తీరరేఖ:
చేతిపని గురించి మీరిద్దరూ చెప్పింది కాదనను. అయినా గీకడం, కడగడం, పొరలు పేరుకోనివ్వడం తీరం మీద నీరు చేసే పనులే. ఆయన ప్రకృతి రూపాన్ని వదిలేసి, దాని నడతను తీసుకున్నారని నేను అనుకుంటున్నాను. అలాగైతే సముద్రం గుర్తుకొచ్చిన ప్రేక్షకుడిది పొరపాటెలా అవుతుంది?