హాస్టల్ ఫ్యాన్లు, మెస్ బయోగ్యాస్, డాబా మీద సోలారు: డబ్బు ఎవరినడగాలి?

ఎల్‌హెచ్_రెండో_అంతస్తు

అందరికీ నమస్తే. విజయనగరం దగ్గర్లోని ఓ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. రెండో ఏడాది నాది. లేడీస్ హాస్టల్లో మూడొందల పైచిలుకు మందిమి ఉన్నాం. ఎకో క్లబ్ అని పేరుకి ఒకటుంది. దాని ఆస్తి మొత్తం ఒక బ్యానరు, రెండు గునపాలు, పోయిన వానాకాలం నాటిన వాటిలో మేకలు దయతలచి వదిలేసిన పదకొండు మొక్కలు.

ఈసారి మొక్కలు కాకుండా పనికొచ్చేదేదైనా చేద్దామని ముగ్గురం కూర్చుని మూడు పనులు రాశాం. మెస్‌లో పారబోసే అన్నంతో బయోగ్యాస్, గదుల్లో పాత ఫ్యాన్లు తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే రకం), డాబా మీద సోలారు. పెద్దసారు దగ్గరికి పట్టుకెళ్తే ఓపిగ్గా చివరిదాకా చదివి, కళ్ళద్దాలు తీసి, "అంతా బాగుందమ్మా, మరి డబ్బులేవీ?" అన్నారు.

మాకు తోచినవి ఇవి: ప్రతి స్టూడెంటు దగ్గరా ఏడాదికి వంద రూపాయలు, పైడిభీమవరం వైపు కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు), అమెరికాలో ఉన్న పాత విద్యార్థులు, డాబా సోలారుకి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ. వీటిలో ఏది నిజంగా అయ్యే పని? చేసి చూసినవాళ్ళుంటే చెప్పండి. పర్యావరణం మీద ఉపన్యాసాలు మాత్రం వద్దు, అవి మా దగ్గర బోలెడున్నాయి.

గంటస్తంభం_బాబాయ్

అమ్మా, ఇరవై ఎనిమిదేళ్ళు ఓ విద్యాసంస్థ ఇంజనీరింగ్ సెక్షన్లో కరెంటు పనులు చూసి రిటైరైనవాణ్ణి. ముందు నీ జాబితాలోంచి సూర్యఘర్ కొట్టేయ్. 2024లో వచ్చిన ఆ స్కీములో మూడు కిలోవాట్లకి 78 వేలు ఇచ్చేది ఇళ్ళకి. యూనివర్సిటీ డాబాకి అది రాదు.

ఇక "డబ్బులేవీ" అన్నాయన్ని నువ్వు తిరిగి ఒకటి అడగాల్సింది. "సార్, పోయిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఓసారి చూపించండి" అని. నవ్వకు. డబ్బు అక్కడే ఉంటుంది చాలాసార్లు.

మీది హెచ్‌టీ సర్వీసై ఉంటుంది, అంటే పెద్ద వాడకందార్లకిచ్చే హైటెన్షన్ కనెక్షన్. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ బిల్లులో కాంట్రాక్టు డిమాండ్ (ఇంత లోడు దాకా వాడతామని రాసిచ్చింది) అని ఒక అంకె, రికార్డైన మాగ్జిమమ్ డిమాండ్ (ఆ నెల్లో లోడు ఎక్కువలో ఎక్కువ ఎంత దాకా వెళ్ళిందో అది) అని ఇంకో అంకె ఉంటాయి, రెండూ లోడు కొలిచే కేవీఏల్లో. మీరు నిజంగా వాడిందా, ఒప్పందంలో 80 శాతమా, ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ చార్జీ పడుతుంది. మా దగ్గర ఎవరో మహానుభావుడు 300 కేవీఏ రాయించి వెళ్ళిపోయాడు. మే నెలలో కూడా 170 దాటేది కాదు. అంటే ప్రతి నెలా 240కి కడుతున్నామన్నమాట, ఏళ్ళ తరబడి. ఎవరూ చూడలేదు. అబద్ధం ఎందుకు, మొదటి ఐదేళ్ళు నేనూ చూడలేదు. బిల్లు వచ్చేది, సంతకం పెట్టేవాణ్ణి, అకౌంట్స్‌కి పంపేవాణ్ణి. చివరికి ఓ రోజు కళ్ళు తెరిచి, దరఖాస్తు పెట్టించి 220కి తగ్గించాం. కట్టేది 176కి దిగింది. ఫ్యాను మార్చలేదు, బల్బు మార్చలేదు, కాగితం ఖర్చు అంతే.

ఇప్పుడు అసలు సంగతి విను. అలా మిగిలిన డబ్బు ఏటయిందనుకున్నావు? జనరల్ ఖాతాలో కలిసిపోయింది. ఆ మరుసటేడు గెస్ట్‌హౌస్‌కి కొత్త సోఫాలొచ్చాయి. సోఫాలు బాగానే ఉన్నాయి, నేనూ కూర్చున్నాను. కానీ ఆ సొమ్ముతో నేను వేయిద్దామనుకున్న ఎల్‌ఈడీ ట్యూబులు నా రిటైర్మెంటు దాకా రాలేదు.

అందుకని మీరు ఫ్యాన్లకి డబ్బు అడక్కండి, ఒక ప్రత్యేక పద్దు అడగండి. మీ ఊళ్ళో డ్వాక్రా సంఘం చూసే ఉంటావు. ఒకావిడ తీసుకుని గేదెని కొంటుంది, పాలమ్మి కడుతుంది, ఆ కట్టిన డబ్బే ఇంకొకావిడకి వెళ్తుంది. మీ పద్దూ అలాగే తిరగాలి.

లెక్క ఇదీ. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీది 30 వాట్లు. రోజుకి 14 గంటలు, ఏడాదికి 270 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకీ 170 యూనిట్లు మిగులుతాయి. యూనిట్టు ఏడు రూపాయలేసుకున్నా 1,190. ఫ్యాను మూడు వేలనుకో. 40 ఫ్యాన్లకి లక్షా ఇరవై వేలు పెడితే ఏడాదికి 47,600 వెనక్కొస్తుంది. దాన్ని పద్దులోనే ఉంచితే రెండో ఏడు ఇంకో పదిహేను ఫ్యాన్లు. మీ దగ్గరున్న ఫ్యాన్లెన్నో, ఏ కాలంవో లెక్కపెట్టి ఈ అంకెలు మార్చుకో. 40తో మొదలెడితే చాలు. హాస్టలంతా ఒకేసారి అంటే ఎవరూ సంతకం పెట్టరు.

బయోగ్యాస్ గురించి రెండు ముక్కలు. అది గేదె లాంటిది, సెలవులుండవు. రోజుకి 50 కిలోల ఎంగిలి పడితే అయిదు ఘనమీటర్ల గ్యాసు, అంటే సుమారు రెండు కిలోల ఎల్‌పీజీ పాటి. తొమ్మిది రోజులకో 19 కిలోల సిలిండరు మిగిలినట్టు. బాగానే ఉంటుంది. మేలో హాస్టల్ ఖాళీ అయ్యాక దానికి పేడనీళ్ళు ఎవరు పోస్తారు? మేం పెట్టినదాన్ని మొదటి వేసవే చంపేసింది. తెరిచాక పులిహోర రోజున నిమ్మతొక్కలు బకెట్లకి బకెట్లు పోశారు, మళ్ళీ పులిసిపోయింది. మనిషినీ, వాడి జీతాన్నీ ముందు రాసుకో, తర్వాతే ట్యాంకు.

నెల్లిమర్ల_దారి

బాబాయ్ గారు చెప్పిన ప్రత్యేక పద్దు మాట నిజం, కానీ అది నోటిమాటగా సరిపోదు. ఫైనాన్స్ కమిటీలో పెట్టి, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్లో తీర్మానం చేయించాలి. లేకపోతే రిజిస్ట్రారు మారగానే పోతుంది. మా కాలేజీలో న్యాక్ (కాలేజీలకి గుర్తింపు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్ళు నేనే చూశాను కాబట్టి చెప్తున్నా, పెద్దసారుకి న్యాక్ గుర్తుచేయండి. గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్, ప్రత్యామ్నాయ ఇంధనం అన్నీ మేం చేసినప్పుడు ఏడో క్రైటీరియన్ కింద అడిగేవారు. న్యాక్ అన్న మాటకి తెరుచుకోని బీరువా నేను చూడలేదు.

సోలారుకి రెస్కో పద్ధతి ఉంది. కంపెనీయే ప్యానెళ్ళు పెట్టుకుంటుంది, మీరు యూనిట్టుకింత అని కడతారు, పెట్టుబడి మీది కాదు. కిలోవాటుకి వంద చదరపుటడుగుల డాబా, రోజుకి నాలుగు యూనిట్లు అని లెక్క. ఒప్పందం సాధారణంగా 25 ఏళ్ళు. అందుకే రెండు షరతులు చదవకుండా సంతకం పెట్టనివ్వకండి: తుఫానొస్తే బీమా ఎవరిది, స్లాబు కారితే ప్యానెళ్ళు విప్పి మళ్ళీ బిగించే ఖర్చు ఎవరిది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. పలాస దగ్గర తిత్లీ తీరం దాటిన రాత్రి ఎగిరిన రేకులు ఇంకా కళ్ళముందున్నాయి. పాతికేళ్ళలో అలాంటివి మళ్ళీ రావా?

సీఎస్ఆర్ వస్తుంది గానీ దానికో స్వభావం ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం పెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కాబట్టి అడగడం తప్పు కాదు. మీ సంస్థకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ (ఆ డబ్బు తీసుకుని పని చేసే సంస్థలు చేయించుకునేది) ఉందో లేదో ముందు కనుక్కోండి. రిబ్బను కత్తిరించగలిగినదానికి ఇస్తారు. బాబాయ్ గారు చెప్పిన పేడనీళ్ళ మనిషి జీతానికి మాత్రం ఇవ్వరు.

కొత్తపేట_నుంచి_కాలిఫోర్నియా

చెల్లీ, వంద రూపాయల సంగతి నాకు తెలుసు. ఇక్కడ బర్క్‌లీ యూనివర్సిటీలో 2007లో విద్యార్థులే ఓటేసుకుని తమ మీద తాము ఫీజు వేసుకున్నారు. ఏ పనికి ఎంతివ్వాలో తేల్చే కమిటీలో విద్యార్థులదే పైచేయి. హార్వర్డ్‌లో అయితే బాబాయ్ గారి డ్వాక్రా లెక్కే, ఇలాంటి పనులకి అప్పిచ్చి తిరిగి కట్టించుకునే 1.2 కోట్ల డాలర్ల నిధి.

కానీ మనదగ్గర ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివేవాళ్ళకి ఆ వంద కూడా జేబులోంచి కట్టాలి. నేనలా చదివినదాన్నే, నాకప్పట్లో వందంటే మూడు వారాల బస్సు. తప్పనిసరి చెయ్యొద్దు.

మా బ్యాచ్‌ని అడగండి, ఇస్తాం. ఒక్క జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఓసీఐ కార్డున్నా సరే విదేశీ దాతలే. మీ పూర్వ విద్యార్థుల సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే వాళ్ళ డబ్బు పుచ్చుకోకూడదు. మా వాట్సాప్ గ్రూపులో సగం మందిది ఇండియా పాస్‌పోర్టు, సగం మందిది ఇక్కడి పౌరసత్వం. నాదింకా ఇండియా పాస్‌పోర్టే.

ఎల్‌హెచ్_రెండో_అంతస్తు

అందరికీ చాలా థాంక్స్. నిన్న అకౌంట్స్‌లో మేడమ్ ఆర్నెల్ల బిల్లులు చూపించారు. కాంట్రాక్టు డిమాండ్ 400. ఎక్కువైన నెల ఆగస్టు, 262. అంటే 320కి కడుతున్నాం కదా బాబాయ్ గారూ? మేడమ్ రెండుసార్లు క్యాలిక్యులేటర్ కొట్టి చూసి ఫైలు దగ్గర పెట్టుకున్నారు.

ఒక డౌటు. బీఎల్‌డీసీ ఫ్యాన్లకి రిమోట్లుంటాయి. గదికి నలుగురం. వారంలో పోతాయి.

గంటస్తంభం_బాబాయ్

320 కరెక్టే. కానీ ఆర్నెల్లు కాదమ్మా, పన్నెండూ చూడు. ఏప్రిల్, మే లేకుండా దరఖాస్తు పెట్టావంటే వేసవిలో ఒప్పందం దాటి పెనాల్టీ పడుతుంది, అప్పుడు నన్ను తిడతారు.

రిమోటుతో పాటు గోడ స్విచ్చితో కూడా వేగం మారే రకం అడుగు, స్విచ్చి వేసి తీస్తే మారుతుంది. పాత రెగ్యులేటర్లు మాత్రం వైరింగులోంచి తప్పించమని చెప్పు, లేకపోతే బోర్డులు కాలతాయి. తీసిన పాత ఫ్యాన్లు స్టోరులో పడెయ్యనివ్వకు, వేలం వేయించి ఆ డబ్బు కూడా పద్దులో రాయించు. రాగి ధర బాగుంది.