‘దిక్కు’ అనే మాట గురించి, ఒక గుమ్మం మీది రాత కోసం

సభ్యులందరికీ నమస్కారం. నేను పండితుణ్ణి కాను. విజయవాడ స్టేషన్లో ముప్పయ్యేళ్ళు టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి.

మా పెద్దమ్మాయి కూడా అదే స్టేషన్లో పదకొండేళ్ళు పనిచేసింది, రైల్వేలో కాదు. ఇల్లు వదిలి బండెక్కి వచ్చేసిన పిల్లల్ని పలకరించి, టిఫిన్ పెట్టించి, భయం పోగొట్టి, వసతి గృహానికి తీసుకెళ్ళే పని. 2021 మే నెలలో కోవిడ్‌తో పోయింది. ఇప్పుడా వసతి గృహంలో పిల్లలు చదువుకునే గదికి తన పేరు పెడుతున్నారు. గుమ్మం పైన ఒక వాక్యం రాయిస్తామని నమూనా పంపారు: “దిక్కులేని పిల్లలకు దిక్కై నిలిచిన మా అక్క.” రాసింది తన చేతిలో పెరిగిన కుర్రాడే. ప్రేమగా రాశాడు. అయినా సరేననడానికి నాకు నోరు రాలేదు.

‘దిక్కుమాలిన’ అన్నది నాకు ఊతపదం. దిక్కుమాలిన బండి, దిక్కుమాలిన వాన, దిక్కుమాలిన డ్యూటీ. ప్లాట్‌ఫారం మీద పడుకున్న పిల్లల్ని కూడా ఆ మాటతోనే లేపి తోలేసేవాణ్ణి. ఒకరోజు అన్నం తింటుంటే అడిగింది, “నాన్నా, మాలడం అంటే ఏంటి?” అని. లేకుండా పోవడం అన్నాను. “లేకుండా పోయినవాణ్ణి పట్టుకుని తిట్టడమేంటి నాన్నా?” అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ మాట నా నోట రాలేదు.

తనకి ‘దిక్కులేని’ అన్నా పడేది కాదు. “ఏ పిల్లాణ్ణయినా లేపి అడగండి. ఏ బండి గూడూరు వైపు పోతుందో, ఏది కాజీపేట వైపో, ఏది విశాఖకో, గుంటూరుకో, గుడివాడకో ఠక్కున చెప్తాడు. అన్ని దిక్కులూ తెలిసినవాణ్ణి దిక్కులేనివాడంటారేం?” అనేది. ‘అనాథ’ అయితే అసలు ఒప్పుకునేది కాదు. తన దగ్గరికొచ్చిన వాళ్ళలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. తాగొచ్చి కొట్టే నాన్న, మారుతల్లి, ఫెయిలైన పరీక్ష, ఎవడో చెప్పిన హైదరాబాదు ఉద్యోగం. పిల్లవాడు దొరికిన ఇరవైనాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. అందుకోసం కాగితాలు నింపుతూ, “అమ్మ పేరు చెప్పగానే ఏడ్చినవాణ్ణి అనాథ అని ఎలా రాయను?” అనేది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మాత్రం వేళ్ళు మడిపించి నేర్పేది. పది, తొమ్మిది, ఎనిమిది. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం వస్తే చాలు, సాయం వస్తుందని.

నా ప్రశ్నలు రెండు. దిశ అనే అర్థమున్న మాటకి ఆసరా అనే అర్థం ఎలా వచ్చింది? అనాథ, నిరాశ్రయ, గతిలేని, ఇల్లులేని, అన్నీ లేదు లేదనే మాటలే. లేమి చెప్పని మాట ఒక్కటైనా మనకుందా?

రాజమండ్రి నుంచి

అయ్యా, మొదటి ప్రశ్న వరకు చెప్పగలను. సంస్కృతంలో ‘దిశ్’ ధాతువుకి చూపించడం అని అర్థం. ఉపదేశం, నిర్దేశం దాని పిల్లలే. దిక్కు అంటే వేలుపెట్టి చూపించే వైపు. ఎటు వెళ్ళాలో చూపే మనిషే ఆసరా అయ్యాడనుకుంటే అర్థం కుదురుతుంది. ‘గతి’ చూడండి, దాని మూలార్థం నడక. ‘నీవే గతి’ అనేసరికి శరణు అయింది. మన ఇళ్ళల్లో వాడే ‘పెద్దదిక్కు’లో ఉన్నది కూడా ఈ అర్థమే. ‘అనాథ’కి థ రాయాలి, బోర్డుల మీద ధ రాస్తున్నారు. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ముందు ఈ ఒత్తు గొడవ చిన్నదే.

బెంగళూరు నుంచి

ఈ అర్థం మన ఒక్కళ్ళదే కాదండీ. కన్నడంలో ‘నమగె యారు దిక్కు’ అంటే మాకెవరు ఆసరా అని. తమిళంలో ‘తిక్కట్ర’ అంటే దిక్కులేని. వాళ్ళ సామెతలో దిక్కులేనివాడికి దేవుడే ‘తుణై’, అంటే తోడు. మన సామెతలో దేవుడే ‘దిక్కు’. లేదన్న మాటనే తిరిగి తెచ్చి చేతిలో పెడుతుంది తెలుగు. ఆ కుర్రాడి వాక్యంలో ఉన్నదీ అదే. అందుకని దాన్ని పూర్తిగా కొట్టేయకండి.

మహబూబాబాద్ నుంచి

బాబాయ్ గారూ, మాది మానుకోట, మహబూబాబాదునే మేం అట్లంటం. మా దగ్గర దిక్కు అంటే ముందుగాల వైపే. ‘నా దిక్కు సూడు’, ‘అటు దిక్కు పోకు’. ఊరు గాని ఊర్ల ఎవరన్న కలిస్తే ‘మీది ఏ దిక్కు?’ అని అడుగుతం. ‘మా దిక్కు పిలగాడు’ అంటే మా తావు పిలగాడు, మనోడు అన్నట్టు. మీరు అడిగిన మాట మా నోట్ల రోజూ ఆడుతది.

మళ్ళీ నేను

మానుకోట అమ్మా, మీ జవాబు చదివి లేచి బీరువా తీశాను. తన నోటు పుస్తకాలు ఏడున్నాయి. పిల్లాడికొక పేజీ. పేరుకంటే ముందు, పైన, వాడు చెప్పిన ఊరు వాడి మాటలోనే రాసుకునేది. మూడో పుస్తకంలో దొరికింది: “మాది మానుకోట దిక్కు. బండి పేరు తెల్వది. ఆకలైతంది.” ఇన్నాళ్ళూ ఆ పేజీ చాలాసార్లు చూశాను. ఆ మాట దగ్గర ఆగలేదు.

బెంగళూరు మిత్రుడు చెప్పినట్టు ఆ కుర్రాడి దిక్కునీ వదలడం లేదు. వార్డెన్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. గుమ్మం మీద ఇది రాయిస్తున్నాం: “మా దిక్కు పిల్లలు చదువుకునే గది.” శ్రీకాకుళం పిల్లలకి అర్థం కాదేమో అన్నాడాయన. అడుగుతారు, మానుకోట పిల్లలు చెప్తారన్నాను.

‘మా దిక్కు’ రెండు మాటలుగా విడిగానే రాయాలి కదండీ? పెయింటరు సోమవారం పొద్దున్నే వస్తాడు.