మీటింగులో అందరూ "సరే", చెప్పులేసుకునేటప్పుడు అసలు చర్చ: పార్ట్‌నర్లతో నిర్ణయం ఎలా చేయించాలి?

మిర్చిఘాటు (గుంటూరు):
మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఐదుగురు పార్ట్‌నర్లం, అందరం చుట్టాలమే. 20,000 టిక్కీలు (మిర్చి బస్తాలు) పట్టే ఇంకో ఛాంబర్ కట్టాలా వద్దా అన్నది విషయం. ఖర్చు 2 కోట్లు, మొత్తం బ్యాంకు అప్పే. ప్లాన్లకీ మట్టి పరీక్షకీ ఇప్పటికే 4 లక్షలు అయ్యాయి. మీటింగులో ముందు పెదనాన్న గారు "కట్టేద్దాం" అంటారు. మిగతావాళ్లు "మీ ఇష్టం" అంటారు. బయటికొచ్చి చెప్పులేసుకునేటప్పుడు మొదలవుతాయి సందేహాలు. ఓటింగ్ పెడితే మంచిదా? చట్టం ఏమంటుంది? పెద్దాయన నొచ్చుకోకుండా అందరి నోటా ఉన్నమాట రాబట్టే పద్ధతి ఏదైనా ఉందా?

లెక్కలమాస్టారు (విజయవాడ):
ఓటింగ్ సంగతి తర్వాత. ముందు "మీ ఇష్టం" అన్నమాటని మినిట్సులో "అంగీకరించారు" అని రాయడం ఆపండి. మనవైపు ఆ మాటకి అర్థం "నాకు ఇష్టం లేదు, కానీ నా నోటితో అనను" అని.

పెద్దవాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లు వంగిపోవడం మీ ఇంటి రోగమేమీ కాదు. 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చే పరీక్ష పెట్టాడు. జవాబు కళ్లముందే కనిపిస్తున్నా, గుంపంతా తప్పు చెబితే దాదాపు మూడోవంతు సార్లు మనుషులు ఆ తప్పే చెప్పారు. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అంటే మీకు కావలసింది ఐదుగురు ధైర్యవంతులు కాదు, పెద్దాయన నోరు విప్పకముందే కాగితం మీదికి ఎక్కిన ఒక్క అంకె.

మీటింగుకి ముందురోజు ఒక్కొక్కరూ విడివిడిగా మూడు అంకెలు రాయాలి. మూడో ఏడాదిలో కొత్త ఛాంబర్ ఎంత శాతం నిండుతుంది, టిక్కీకి అద్దె ఎంత వస్తుంది, పని పూర్తవడానికి ఎన్ని నెలలు. "కట్టాలా వద్దా" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మళ్లీ పెదనాన్న గారి మొహం చూసే రాస్తారు. అంకెలన్నీ బోర్డు మీద ఒక్కసారే పెట్టండి.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో చూడండి. 10 శాతం వడ్డీ అనుకుంటే 2 కోట్లకి ఏడాదికి 20 లక్షలు. కరెంటు, అమాలీ, మరమ్మతులు కలిపి ఇంకో 10 లక్షలనుకుందాం. మొత్తం 30 లక్షలు. టిక్కీకి సీజను అద్దె 200 అయితే 15,000 టిక్కీలు రావాలి, అంటే 75 శాతం. అది కూడా వడ్డీకీ నడపడానికీ మాత్రమే, అసలు కట్టడానికి రూపాయి మిగలదు. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. ఇప్పుడు ఒకరు 95 అనీ ఇంకొకరు 60 అనీ రాశారనుకోండి, ఇద్దరూ "సరే" అన్నది వేర్వేరు ఛాంబర్లకి. మీటింగులో మాట్లాడాల్సింది ఆ 35 శాతం తేడా గురించే. 60 రాసినాయన తన కారణం చెప్పాలి, తర్వాత 95 రాసినాయన. మధ్యలో ఉన్నవాళ్లతో టైము దండగ.

ఆ 4 లక్షలూ లెక్కలోంచి తీసేయండి. కట్టినా రావు, మానేసినా రావు.

బ్రాడీపేట నాలుగో లైన్:
చట్టం సంగతి చెబుతాను. మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మే అయితే 1932 భారత భాగస్వామ్య చట్టం సెక్షన్ 12(సి) చూడండి. వ్యాపారంలో మామూలు విషయాల మీద తేడా వస్తే మెజారిటీ మాటే చెల్లుతుంది. అయితే నిర్ణయం కాకముందు తన అభిప్రాయం చెప్పుకునే హక్కు ప్రతి పార్ట్‌నర్‌కీ ఉంది. వ్యాపార స్వభావం మార్చాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. మెజారిటీ అంటే తలల లెక్క, వాటాల లెక్క కాదు. ఇదంతా మీ డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పంద పత్రంలో) వేరేగా రాసుకోకపోతేనే, కాబట్టి ముందు బీరువాలోంచి డీడ్ తీయండి. చాలా డీడ్లు పాత నమూనా చూసి టైపు కొట్టించినవి, అందులో ఏముందో సంతకాలు పెట్టినవాళ్లే చదివి ఉండరు.

2 కోట్ల లోను మామూలు విషయమా కాదా అన్నదాని మీద వాదించుకోవచ్చు. నన్నడిగితే ఐదుగురి సంతకాలూ లేకుండా కదలొద్దు. సెక్షన్ 25 ప్రకారం ఫర్మ్ అప్పుకి ప్రతి పార్ట్‌నర్ మిగతావాళ్లతో కలిసీ బాధ్యుడే, విడిగానూ బాధ్యుడే. "నేను మీ ఇష్టం అన్నానంతే" అన్న మాట బ్యాంకు దగ్గర పనికిరాదు.

టిక్కీలలెక్క (గుంటూరు):
మాస్టారు చెప్పిన పద్ధతి బాగుంది, కానీ అందరూ ఒకే తప్పు సమాచారంతో రాస్తే ఐదు చీటీలూ తప్పే అవుతాయి. ఈ మీటింగు ఏ నెలలో పెడుతున్నారు? ఏప్రిల్‌లో పెడితే గేటు బయట లారీలు కనిపిస్తాయి, ఎవరికైనా 95 అనే అనిపిస్తుంది. ఛాంబర్లు ఖాళీ అయ్యే డిసెంబరులో పెడితే అదే మనిషి 60 రాస్తాడు. ఐదేళ్ల స్టాకు రిజిస్టరు నుంచి నెలాఖరు నిల్వలు ఒక్క కాగితం మీద తీయించి, చీటీలు రాయకముందే అందరికీ ఇవ్వండి.

"చోటు లేక తిప్పి పంపిన సరుకు" అంకెని అసలు నమ్మొద్దు. ఒకే లారీ నాలుగు స్టోరేజీల గేట్లు తడుతుంది, నలుగురూ తమ ఖాతాలో రాసుకుంటారు.

ఇంకోటి. స్టోరేజీ నిండిందంటే వ్యాపారం పెరిగిందని కాదు. ధర పడినప్పుడు రైతు అమ్మకుండా కాయని లోపల పెడతాడు, పాత నిల్వ కదలదు, అందుకే నిండుతుంది. ఆ ధర చూసి మరుసటి ఏడు సాగు తగ్గిస్తాడు. అప్పుడు మీ కొత్త ఛాంబర్‌కి కాయ ఎక్కడిది? ఒక్క నిండు సీజను చూసి పదేళ్ల లోను తీసుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటే.

గేటు గుమాస్తానీ, కంప్రెసర్లు చూసే ఆపరేటర్‌నీ ముందు పిలిచి చెరో పది నిమిషాలు చెప్పించుకుని పంపేయండి. పార్ట్‌నర్ల చర్చ మొదలయ్యాక పిలిస్తే వాళ్లూ తల ఊపుతారు. 1985లో స్టాసర్, టైటస్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా దాదాపు ఇదే: గుంపు అందరికీ తెలిసిన సంగతులే తిప్పితిప్పి మాట్లాడుకుంటుంది, ఒక్కరికే తెలిసినది బయటికి రాదు. ఇప్పుడు ఛాంబర్లని చల్లబరుస్తున్న అమ్మోనియా ప్లాంటు ఇంకో ఛాంబర్ లోడు లాగుతుందో లేదో మీలో ఎవరికి తెలుసు? ఆపరేటర్‌కి తెలుసు.

మిర్చిఘాటు:
అందరికీ ధన్యవాదాలండి. రిజిస్టర్లు తీయిస్తున్నాం. ఒక్కటే చిక్కు. పెదనాన్న గారు "నాకు చీటీలేంట్రా" అంటే? పైగా ఐదుగురమే, ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు.

లెక్కలమాస్టారు:
ఆయనతో రాయించొద్దు, చదివించండి. చీటీలు విప్పి అంకెలు చదివే పని అధ్యక్షుడిది అనండి, గౌరవానికి గౌరవం. అభిప్రాయం మాత్రం చివర్లో చెబుతారని ముందే ఆయనతో ఒక్కరే వెళ్లి మాట్లాడుకోండి, అందరిలో కాదు.

తర్వాత ఇంకో అరగంట పని. గ్యారీ క్లెయిన్ అనే మనస్తత్వవేత్త 2007లో రాసిన పద్ధతి ఇది. "రెండేళ్లయింది, ఛాంబర్ సగం ఖాళీ, బ్యాంకు నోటీసు వచ్చింది. ఎందుకు?" అని అడిగి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తలా మూడు కారణాలు రాయాలి. ఒక్కొక్కరూ ఒక్కో కారణం చొప్పున చదవాలి. ఇక్కడ "వద్దు" అన్నట్టు ఎవరికీ అనిపించదు, ఎందుకంటే కట్టేశామనే అనుకుని మాట్లాడుతున్నాం. చెప్పులేసుకునేటప్పుడు వచ్చే మాటలన్నీ ఇక్కడే వస్తాయి. పెదనాన్న గారిని ఇందులో మాత్రం తప్పకుండా కలపండి, ఆయన చూసినన్ని చెడ్డ సీజన్లు మీ నలుగురూ చూసి ఉండరు.

చేతిరాత గొడవకైతే చీటీలే వద్దు. ముందురోజు సాయంత్రం మీ ఆడిటర్ ఆఫీసుకి ఫోన్ చేసి అంకెలు చెప్పండి, వాళ్లు పేర్లు లేకుండా టైపు చేసి పంపుతారు.