1856లోనే చట్టం వచ్చినా వితంతు వివాహానికి 1881 దాకా ఎందుకు ఆగారు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. వితంతు వివాహాలకు చట్టం 1856లోనే వచ్చింది కదా, మరి కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఏమైనట్టు?

జవాబు 1: ఆ పెళ్లి చెల్లుతుందని మాత్రమే చట్టం చెప్పిందండీ. పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేస్తే, పురోహితుడు రాకపోతే, చుట్టాలు గుమ్మం తొక్కకపోతే కోర్టు ఏం చేస్తుంది? అసలు భయం అదే.

జవాబు 2: ఒక్కరోజులో జరిగిన పని కూడా కాదు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు, అలా ఏళ్ల తరబడి రాసి, వాదించి జనాన్ని కదిలించారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారి డబ్బు సాయం లేకపోతే ఇంకా కష్టమయ్యేది.

జవాబు 3: వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారిని మర్చిపోకండి, దయచేసి. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే ఆవిడే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ బిందెల బరువు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఆవిడ సంగతి మా పాఠంలో ఒక్క ముక్క కూడా లేదండీ. మా అమ్మాయికి ఈ రాత్రే చెబుతాను.