తల్లిదండ్రులతో బంధాన్ని మీరు ఎలా చూస్తున్నారు?

నేను ట్రాన్స్ మహిళను. వయోజనులైన ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల అనుభవం తెలుసుకోవాలని అడుగుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండడం మానసిక రుగ్మతల కింద లేదని చూపించాక, నాన్నగారు చికిత్స మాట ఎత్తడం మానేశారు గాని, నన్ను పాత పేరుతోనే పిలుస్తున్నారు. అమ్మ కొత్త పేరుతో పిలుస్తుంది, అయితే బంధువుల ఎదుట ఏ పేరూ పలకదు. నిజానికి నన్ను ఎక్కువగా బాధించేది ఆ మౌనమే. కొడుకును పోగొట్టుకున్నామన్న దుఃఖం వారిలో ఉందని నాకు తెలుసు, కాని ఎదురుగా బతికి ఉన్న నేనే వారిని ఓదార్చవలసి రావడం న్యాయమనిపించడం లేదు. మీ తల్లిదండ్రులు కాలక్రమంలో మారారా, మారితే దేనివల్ల? పూర్తి అంగీకారం దొరకకపోయినా రాకపోకలు సాగిస్తున్నవారు ఎక్కడ హద్దు గీసుకున్నారో, దూరమైనవారు ఆ నిర్ణయాన్ని ఇప్పుడు ఎలా చూస్తున్నారో దయచేసి చెప్పగలరు.