ఫాంటసీ వ్యూహక్రీడల్లో పోరు: నిజాన్ని పోలాలా, అంకెలకు కుదించాలా?

రాజోలు సభ్యుడు (చర్చ ప్రారంభం)

గడుల మీద సేనలను నడిపే కంప్యూటర్ ఆట బ్యాటిల్ ఫర్ వెస్నాత్ ఆడేటప్పుడు ఒక విషయం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. మంత్రగాడి దెబ్బ, ఎదుటివాడు కోటలో ఉన్నా బయలులో ఉన్నా, 70 శాతం తగులుతుందని ఆట చెబుతుంది. అలసట, ఆయుధం పొడవు లెక్కలోకే రావు. 1999లో వచ్చిన హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3లో వందమంది ఒకే బొమ్మగా నిలబడతారు, వారిలో ఒకడు కొనఊపిరితో ఉన్నా నిండు బలంతో కొడతాడు. మాయాలోకమైనంత మాత్రాన పోరుకు నిజంతో పని లేదనడం న్యాయమా?

అమలాపురం సభ్యుడు

మీ అసంతృప్తిలో న్యాయం ఉంది కానీ, వాస్తవికతను వివరాల సంఖ్యతో కొలవడాన్ని నేను అంగీకరించలేను. గెలుపు ఏ కారణం వల్ల ఇటో అటో మొగ్గుతుందో, ఆ కారణం ఆటలో నిలిచిందా లేదా అన్నదే నా కొలమానం.

దమ్ము చేసిన చేలో ఒక్కసారైనా నడిచిన కోనసీమవాసికి బురద కాలిని ఎలా పట్టుకుంటుందో చెప్పనక్కరలేదు. వెస్నాత్‌లో బయలు గడికి ఒక్క కదలిక చాలిన గుర్రానికి చిత్తడి గడికి నాలుగు కావాలి. జలమానవుడు మాత్రం అదే గడిని ఒక్క కదలికతో దాటిపోతాడు. బురద లోతూ, గిట్టల జారుడూ, రౌతు తడబాటూ అన్నీ ఆ నాలుగులోనే ఇమిడి ఉన్నాయి. వాటిని విడివిడిగా లెక్కకట్టినా ఆటగాడి నిర్ణయం మారదు: గుర్రాన్ని గట్టుమీదే ఉంచుతాడు. మన అరుగులమీద సుద్దతో గీసుకుని ఆడిన పులి-మేకలో పులికి గోళ్లూ లేవు, కోరలూ లేవు. అయినా మందలో చిక్కిన పులి కదలలేదన్న సత్యం పిల్లలకు కూడా తెలిసేది.

చందుర్తిని గుర్తుచేసుకోండి. 1758 డిసెంబరులో, మన డెల్టాకు ఉత్తరాన పిఠాపురం దాపున, విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు పక్షాన వచ్చిన ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ సేన కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచివారిని ఓడించింది. ఏపుగా పెరిగిన చేను చాటున ఫోర్డ్ ఐరోపా దళం కనబడలేదు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయీలనే ఆ దళమని భ్రమించి వారిమీద పడిన ఫ్రెంచివారు పక్కనుంచి దెబ్బతిన్నారు. కవచం మందాన్ని ఎంత సూక్ష్మంగా లెక్కించే ఆటైనా ఈ ఓటమిని చూపలేదు, శత్రువును దాచే గడి ఒక్కటున్న సాదా ఆట చూపగలదు.

1824లో రైస్విట్జ్ అనే అధికారి జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం కోసం రూపొందించిన యుద్ధశిక్షణ ఆట క్రీగ్‌స్పీల్ కూడా పాచికలతోనే, ఫలితాల పట్టికలతోనే నడిచింది. నిజమైన యుద్ధానికి శిక్షణ పొందే అధికారులే పాచికను అవమానంగా భావించలేదు.

రాజోలు సభ్యుడు

చిత్తడి గడి విషయంలో మీ వాదన ఒప్పుకుంటున్నాను. కానీ అదే ప్రష్యాలో 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాధికారి ఆ పట్టికలనూ పాచికలనూ పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పుకే విలువ ఇచ్చాడు. అంకెలు చాలలేదనేగా దాని అర్థం? పైగా నా రెండు ప్రశ్నలకూ మీరు జవాబివ్వలేదు.

అమలాపురం సభ్యుడు

అంకెలు చాలలేదన్నది నిజమే. అయితే ఆయన వాటికి మరిన్ని వివరాలు చేర్చలేదు, ఉన్నవాటినే తగ్గించాడు కనుక ఆ ఉదాహరణ నా వైపే నిలుస్తుందని అనుకుంటున్నాను.

మంత్రం సంగతికొస్తే, చెట్టూ గోడా మంత్రాన్ని ఆపలేవన్నది ఆ లోకపు ధర్మం, 70 శాతం ఆ ధర్మానికి కట్టిన లెక్క. అందుకే అడవిలో దాగిన శత్రువుమీదికి ఆటగాడు విలుకాడిని కాక మంత్రగాడిని పంపుతాడు.

వందమంది దళం గురించి మాత్రం మీ మాటలో సగం సరైనది. చచ్చినవారి మేరకు దళం దెబ్బ తగ్గుతుంది కనుక ముందుగా కొట్టినవాడికి మేలు అన్న కారణం అక్కడ నిలిచింది. కానీ ఒంటరి డ్రాగన్ ఒళ్లంతా గాయాలతో ఉండి కూడా మొదటి దెబ్బంత బలంగా కొట్టడానికి ఏ కారణమూ నాకు కనిపించదు. ఆ చోట గాయానికి ఒక అంకె కేటాయించి ఉండవలసింది.