సైనికుల ఇళ్లు వస్తే మన ఊరి బడి ఏమవుతుంది?

కాలువగట్టు:
కోనసీమలో మా ఊరి చివర, పంట కాలువకూ మురుగు కాలువకూ మధ్యనున్న భూమిలో సైనిక కుటుంబాలకు ఇళ్లు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ భూమిలో కొంత పోరంబోకు, మిగతాది సార్వా, దాళ్వా రెండూ పండే భూమి. మొన్నటి గ్రామసభలో ఎక్కువ మంది వద్దన్నారు. అందుకు కారణం సైన్యంపై గౌరవం లేకపోవడం కాదు, బడి గురించిన భయం. ఊరికి ఉన్నది ఒక్క జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. గదులు చాలక ఇప్పటికే ఒక తరగతిని వరండాలో కూర్చోబెడుతున్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి వచ్చిన వారికి ఆశ్రయమిచ్చింది కూడా ఆ బడే. ఇళ్ల స్థలాన్ని రోడ్డు ఎత్తుకు మెరక చేస్తే వాన నీరంతా బడి మైదానంలోకే దిగుతుంది. ఎన్ని కుటుంబాలు వస్తాయో, ఏ తరగతిలో ఎంత మంది పిల్లలు చేరతారో ఒక్క కాగితం మీద కూడా లేదు. అడిగిన వారికి అదంతా తర్వాత చూసుకోవచ్చునన్న సమాధానమే వచ్చింది. గదులకూ ఉపాధ్యాయులకూ ముందుగా రాతపూర్వకమైన హామీ వచ్చే వరకు దీనిని వ్యతిరేకించవలసిందేనని నా అభిప్రాయం. మీ అభిప్రాయాలు తెలియజేయండి.

మాజీ హవల్దార్:
మా అమ్మగారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి దాదాపు ప్రతి ఇంటి నుంచీ సైన్యంలో చేరుతున్నందువల్ల దానిని మిలిటరీ మాధవరం అంటారు. అటువంటి ఊళ్లున్న గోదావరి సీమలో సైనికుల పిల్లలు బడికి భారమవుతారన్న మాట వినవలసి రావడం నాకు బాధ కలిగించింది. కుటుంబంతో ఉండేందుకు ఇళ్లు లేక నాలాంటి వారు ఉద్యోగకాలంలో సగం భార్యాబిడ్డలకు దూరంగానే గడిపారు. ఆ కొరత తీర్చడానికే 2002లో వివాహిత సైనికుల వసతి పథకాన్ని మొదలుపెట్టారు. నాకు బదిలీ అయిన ఒక పట్టణంలో, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని టీసీ ఇంకా రాలేదన్న కారణంతో ఒక పాఠశాల చేర్చుకోలేదు. ఆ పిల్ల సంక్రాంతి నుంచి వేసవి సెలవుల దాకా ఇంట్లోనే కూర్చుంది. ఆ రోజున ఆ ప్రధానోపాధ్యాయుడు చెప్పిన కారణాలూ ఇవే: గదులు లేవు, ఉపాధ్యాయులు లేరు. కాలువగట్టు గారూ, మీ సందేశం చదువుతుంటే నాకు ఆ మనిషే గుర్తుకు వచ్చాడు.

కొబ్బరితోట:
బడి గురించి ప్రశ్న అడిగినంత మాత్రాన సైనికులను అవమానించినట్టు కాదు, హవల్దార్ గారూ.

లెక్కల మాస్టారు:
ముందు లెక్క చూద్దాం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు 35 మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలి. హవల్దార్ గారి అమ్మాయికి జరిగినది అన్యాయమే. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడాన్ని అదే చట్టంలోని 5వ సెక్షన్ ఒప్పుకోదు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చిన పిల్లలనూ చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతోంది. కనుక వచ్చే పిల్లలలో ఎవరినీ మన బడి కాదనలేదు, కాదనకూడదు కూడా. చేర్చుకున్న తర్వాత పాఠం చెప్పేది ఎవరన్నదే నా ప్రశ్న. పోస్టులను యూడైస్‌లో, అంటే బడుల వివరాల ప్రభుత్వ నమోదులో, ఉన్న పిల్లల సంఖ్యను బట్టి, హేతుబద్ధీకరణ (బడుల మధ్య ఉపాధ్యాయుల సర్దుబాటు) జరిగినప్పుడు ఖరారు చేస్తారు. సైనికుల బదిలీలు బడి తెరిచే తేదీని చూసుకుని రావు. డిసెంబరులో పిల్లలు చేరితే, తర్వాతి హేతుబద్ధీకరణ వరకు ఉన్న ఉపాధ్యాయులే వారికీ చెప్పాలి. నేను పనిచేసిన రోజుల్లో లెక్కలకు నేనొక్కడినే ఉండి రెండు తరగతులను కలిపి బోధించవలసి వచ్చిన ఏడాది, పదో తరగతి పిల్లలకు జరిగిన నష్టాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. చట్టం చెప్పిన ఆ నిష్పత్తికి హామీ వస్తే నాకు వేరే అభ్యంతరం లేదు.

పన్ను రసీదు:
అసలు సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తిపై రాష్ట్రం గాని పంచాయతీ గాని పన్ను వేయలేదు. అంటే ఆ ఇళ్ల నుంచి మన పంచాయతీకి ఇంటి పన్ను రాదు. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, వాడుకునే సేవలను బట్టి ఆస్తి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం సేవా రుసుముగా చెల్లించే ఏర్పాటు కుదిరింది. అది కూడా ఒప్పందం చేసుకుంటేనే వస్తుంది. అమెరికాలో సైనిక స్థావరాల వల్ల పన్ను కోల్పోయే బడులకు కేంద్రమే సొమ్ము ఇచ్చే చట్టాన్ని 1950లోనే చేశారు. మనకు అటువంటి చట్టం లేదు. పన్ను లేకుండా పిల్లలను మాత్రం మన బడికి పంపుతామనడం న్యాయమా?

లెక్కల మాస్టారు:
పన్ను రసీదు గారూ, అమెరికాలో బడికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం స్థానికంగా వసూలయ్యే ఆస్తి పన్ను నుంచే వస్తుంది కనుక అక్కడ ఆ చట్టం అవసరమైంది. మన జిల్లా పరిషత్ ఉపాధ్యాయుడి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. పాఠశాల విద్యకిచ్చే సమగ్ర శిక్షా పథకం నిధులను కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. మీ ఇంటి పన్ను పెరిగినా తగ్గినా మన బడికి ఒక్క ఉపాధ్యాయుడు కూడా అదనంగా రాడు.

పన్ను రసీదు:
బడి ముందున్న రోడ్డు, మురుగు కాలువ, మంచినీటి కుళాయి పంచాయతీవి కావా, మాస్టారూ? వానాకాలంలో బడి గేటు దగ్గర మోకాలి లోతు నీటిలో పిల్లలు నడుస్తున్నప్పుడు ఆ నీటిని తోడించేది రాష్ట్ర ఖజానానా?

మాజీ హవల్దార్:
మీరిద్దరూ అనవసరంగా వాదించుకుంటున్నారు. సైనికుల ఇళ్లు వచ్చిన చోటికి కేంద్రీయ విద్యాలయమో, ఆర్మీ పబ్లిక్ స్కూలో వస్తుంది. మన ఊరి పిల్లలకు కూడా అందులో చదివే అవకాశం కలుగుతుంది. అమలాపురం, భీమవరం దాకా బస్సుల్లో పిల్లలను పంపే తల్లిదండ్రులకు అంతకంటే ఏం కావాలి?

లెక్కల మాస్టారు:
వస్తుందని ఎవరు రాసిచ్చారు? కేంద్రీయ విద్యాలయానికి భూమినీ, తాత్కాలిక భవనాన్నీ ప్రతిపాదించిన వారే ఉచితంగా సమకూర్చాలి. వచ్చినా, కేంద్ర ఉద్యోగుల పిల్లలకూ సైనికుల పిల్లలకూ మొదటి ప్రాధాన్యం. ఆ వరుసలో రాష్ట్ర ఉద్యోగుల తర్వాత, అందరికంటే చివర మన ఊరి రైతు పిల్లలు నిలబడాలి. ఒకటో తరగతిలో విద్యా హక్కు చట్టం కింద ఇచ్చే పాతిక శాతం సీట్లే మనకున్న ఆశ. ఎంపీల సిఫారసు కోటాను కూడా 2022లో తీసివేశారు.

కాలువగట్టు:
మాస్టారు చెప్పినది అందరూ గమనించాలి. దారి సంగతి కూడా ఆలోచించండి. మా ఊరి తూర్పు వీధి పిల్లలు ఆ భూమి పక్కనున్న పుంత దారినే బడికి వస్తారు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో రోడ్ల మూసివేతపై జనం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో రక్షణ శాఖ ఆదేశించిన తర్వాతనే కొన్ని దారులు తెరుచుకున్నాయి. రేపు ఇక్కడ గేటు పెడితే మన పిల్లలు ఎటు నుంచి రావాలి? రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోయే వారికి ఈ ఊరి బడి మీద, ఈ దారి మీద ఏం బాధ్యత ఉంటుంది? నష్టం భరించవలసింది ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండే మనం.

మాజీ హవల్దార్:
వెళ్లిపోయేవారమా? మేము ఎక్కడికి వెళ్లామో, ఎందుకు వెళ్లామో మీకు తెలియదా? కంటోన్మెంటుకు వేరే చట్టం, వేరే పాలన ఉంటాయి. అక్కడి గొడవను ఇళ్ల సముదాయానికి అంటగట్టి జనాన్ని భయపెట్టకండి. 1996 నవంబరు తుపానులో ఈ కోనసీమ కొబ్బరిచెట్లన్నీ నేలకూలినప్పుడు సహాయానికి వచ్చిన జవాన్లను మీరు ఏ ఊరివారని అడగలేదు. మీకు బడి ఒక సాకు మాత్రమే. మీ భూమి ధర గురించి మాట్లాడండి, అప్పుడు నిజాయితీగా ఉంటుంది.

రేవు దగ్గర:
పెద్దవారు ఇద్దరూ దయచేసి శాంతించండి. భూమి తీసుకునే ముందు బడి మీద ప్రభావాన్ని ప్రభుత్వం పరిశీలించవలసిన నిబంధన ఏదైనా ఉందా?

పన్ను రసీదు:
ఉంది. 2013 భూసేకరణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం జరిగే సామాజిక ప్రభావ మదింపులో రోడ్లు, మురుగు పారుదల, మంచినీటితో పాటు బడులనూ అంగన్‌వాడీలనూ పేరుపేరునా పరిశీలించాలి. రెండు పంటలు పండే భూమిని చివరి మార్గంగానే తీసుకోవాలని 10వ సెక్షన్ చెబుతోంది. అయితే దేశ రక్షణకు అత్యవసరమన్న 40వ సెక్షన్‌ను ప్రయోగిస్తే ఆ మదింపును పక్కన పెట్టవచ్చు. నివాస గృహాలు అత్యవసరం కిందికి రావని ఇప్పుడే గట్టిగా అడగాలి.

పేట గడప:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. మీరందరూ బడి నిండిపోతుందని భయపడుతున్నారు. నా భయం బడి ఖాళీ అవుతుందని. ఆ బడిలో చదివేది ఎవరి పిల్లలో ఒక్కసారి చూడండి. మా పేట పిల్లలు, తూర్పు వీధి కూలీల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు. ఇక్కడ బడి కోసం వాదిస్తున్న వారిలో చాలా మంది ఇళ్ల ముందు ఉదయం ఆగేది ప్రైవేటు పాఠశాల బస్సు. ఆ భూమిలో రెండు పంటలు పండిస్తున్నది మా వాళ్లు. భూమి పోతే యజమానికి పరిహారం వస్తుంది. 2013 చట్టం కౌలుదారును కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుందని పన్ను రసీదు గారికి తెలుసు. కానీ కౌలుదారునని రుజువు చేసుకోవాలి. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలి. మా నాన్నగారు ఏటా అడిగారు, యజమాని ఏటా కాదన్నారు. కార్డు లేని మా కుటుంబం ఏ జాబితాలోనూ ఉండదు. పని వెతుక్కుంటూ మేము ఊరు విడిచి వెళితే మా పిల్లల పేర్లు రిజిస్టరు నుంచి పోతాయి. పేర్లు తగ్గితే మాస్టారు చెప్పిన అదే హేతుబద్ధీకరణలో ఉపాధ్యాయులను వేరే బడికి పంపుతారు. సైనికుల పిల్లలు కేంద్రీయ విద్యాలయానికి వెళతారు, మీ పిల్లలు బస్సెక్కుతారు. అప్పుడు ఆ గదుల్లో ఎవరుంటారు?

మరొక మాట కూడా చెప్పాలి. 2022లో 117 జీవో వచ్చి మా పేట ప్రాథమిక బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను కాలువ అవతలి ఉన్నత పాఠశాలకు మార్చినప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లలు లారీలు తిరిగే వంతెన మీదుగా నడుస్తుంటే మేము ధర్నాకు కూర్చున్నాం. ఊళ్లోంచి ఒక్కరు కూడా రాలేదు. మీరు చెప్పే వరండా తరగతి మా పిల్లలదే. 2025లో ఆ జీవో రద్దయింది, అయినా మా బడికి ఆ తరగతులు తిరిగి రాలేదు. ఆనాడు లేని బడి బాధ ఈనాడు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి.

కొబ్బరితోట:
అమ్మా, ఈ విషయాన్ని గ్రామసభలో ఎందుకు చెప్పలేదు?

పేట గడప:
చెప్పడానికి లేచాను. తీర్మానం రాయడం అయిపోయిందన్నారు.

కాలువగట్టు:
నాకు ఆ భూమిలో వాటా ఉందని ఊరందరికీ తెలుసు, నేను దాచలేదు. తాతల నాటి భూమి పోతుందంటే బాధపడడం నేరం కాదు. కౌలు కార్డుపై సంతకం పెడితే భూమి చేయి జారుతుందన్న భయం మా తండ్రుల కాలం నుంచీ ఉన్నదే. యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టం చెబుతున్నా, కోర్టుల చుట్టూ తిరిగిన వారిని నేను చూశాను. మా పిల్లలను ప్రైవేటు బడికి పంపుతున్నంత మాత్రాన ఊరి బడి గురించి మాట్లాడే హక్కు పోదు. ఆ బడి స్థలం మా పెద్దలు ఇచ్చినదే. మీ కష్టాన్ని కాదనడం లేదు, అయితే అది వేరే సమస్య. అన్నిటినీ ఒకే అర్జీలో కలిపితే ఏదీ జరగదు.

పేట గడప:
వేరే సమస్య కాదండీ, మొదటి సమస్య అదే. స్థలం ఇచ్చిన వారి పేరు రాయి మీద ఉంది, కాదనను. చదువుతున్న పిల్లల పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. ఆ రిజిస్టరు గురించే నేను మాట్లాడుతున్నాను.

మాజీ హవల్దార్:
అమ్మా, ఒక్క మాట అడుగుతాను. మీరు ఆ ఇళ్లను వ్యతిరేకిస్తున్నారా, కోరుకుంటున్నారా?

పేట గడప:
పోరంబోకు వరకే కట్టి, సాగుభూమిని వదిలితే మాకు అభ్యంతరం లేదు. మా పేట బడిలో ఐదో తరగతి వరకు మళ్లీ తెరవాలి. సైనికుల చిన్నపిల్లలు కూడా ఆ బడికి వచ్చి మా పిల్లల పక్కన కూర్చుంటే సంతోషిస్తాం. హవల్దార్ గారూ, మీ వాళ్లు పంపుతారా?

మాజీ హవల్దార్:
నేనైతే పంపేవాడిని. అందరి తరఫున మాట ఇవ్వలేను.

కాలువగట్టు:
సాగుభూమిని వదలాలన్న దానిలో మనం ఏకీభవిస్తున్నాం కదా. అయితే గ్రామసభ తీర్మానానికి ఇప్పుడు కౌలు సంగతిని, పేట బడిని చేర్చడానికి నేను ఒప్పుకోను. కలెక్టరు గారికి ఇవ్వబోయే అర్జీపై మీరు కూడా సంతకం చేయండి.

పేట గడప:
చేయను. మేము వేరుగా అర్జీ ఇస్తాం.

కాలువగట్టు:
రెండు అర్జీలు వెళితే ఊరు చీలిపోయిందని రెండింటినీ పక్కన పెడతారు.

పేట గడప:
2022లో వెళ్లినది ఒక్కటే అర్జీ. అందులో మా సంతకాలు తప్ప ఎవరివీ లేవు. దానినీ పక్కనే పెట్టారు.

లెక్కల మాస్టారు:
ఎన్ని అర్జీలు ఇచ్చినా పిల్లల సంఖ్యను తరగతుల వారీగా రాయండి. సంఖ్య లేని అర్జీని ఏ కార్యాలయమూ చదవదు. పేటలో ఒకటి నుంచి ఐదు తరగతుల వయసు పిల్లలు ఎందరున్నారో, వారిలో కౌలు కుటుంబాల వారు ఎందరో ఆదివారం ఉదయం ఇంటింటికీ వచ్చి రాసుకుంటాను. పేట గడప గారూ, వీధులు తెలిసిన వారెవరినైనా నాతో పంపండి.